చిన్న బొత్తాం మీద పసుపు

నా కూతురి వయసెంతో ఈ బరువు వయసూ దాదాపు అంతే. పిల్లనైతే కొన్ని నెలలు మోసి కన్నాను. దీన్ని మాత్రం ఇంకా మోస్తూనే ఉన్నాను. పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసిన వాళ్ళకు చెప్పబోయిన ప్రతిసారీ నోటిదాకా వచ్చిన మాట ఇంకేదో మాటగా మారిపోయింది. ఒకసారి మా ఆయనను పిలిచి కూర్చోబెట్టి, తీరా ఆయన కూర్చున్నాక, "రేపు టిఫిన్‌కి ఏం చెయ్యమంటారు" అని అడిగాను.

వింటే మీకు నవ్వు రావచ్చు. ఒక పాత కంప్యూటర్, కాస్త పసుపు. ఇంతే. నవ్వితే నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

మా అత్తవారిది బొబ్బిలి దగ్గర ఒక పల్లె. మావయ్యది వ్యవసాయం. పల్లంలో వరి, మెట్ట మీద నువ్వులు, గోగు. మా ఆయన బొబ్బిలిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతారు. నేను విజయనగరంలో బీకాం చదువుకుని ఆ ఇంటికి కోడలిగా వెళ్ళాను. ఆ ఇంట్లో నాతో మొదట నవ్వుతూ మాట్లాడింది మా మరిది శ్రీను. నా పెట్టె దింపుతూ, "ఇందులో రాల్లు తెచ్చావేటి వదినా" అన్నాడు. పుస్తకాలంటే, "అయితే రాల్లే నయం" అన్నాడు. అత్తవారింట్లో నేను మొదటిసారి నవ్వింది ఆ మాటకే.

శ్రీను డిప్లొమా పూర్తి చెయ్యలేదు. రెండు సబ్జెక్టులు అలాగే మిగిలిపోయాయి. కానీ చేతికి వస్తువు దొరికితే విప్పకుండా ఉండలేడు, విప్పింది మళ్ళీ బిగించకుండా ఉండలేడు. విజయనగరం వెళ్ళినప్పుడల్లా ఒక్కో భాగం తెచ్చుకుని, ఎవరో పారేసిన డబ్బాలో అమర్చి, ఇంట్లో ఒక కంప్యూటర్ తయారు చేశాడు. దాన్ని వీధి గదిలో పెట్టాడు. పరీక్షా ఫలితాలు చూసుకోవడానికి, దరఖాస్తులు పెట్టుకోవడానికి, పొలం కాగితాలు తీయించుకోవడానికి ఊళ్ళో వాళ్ళు వచ్చేవారు. ఆ గదినే కొట్టుగా మార్చుకుంటానని శ్రీను అడిగాడు. రోడ్డు వైపు తలుపుంది, బోర్డు కడితే చాలు. మావయ్య తొందరగా దేనికీ అవుననే మనిషి కాదు. "దసరా ఎల్లనీ, సూద్దుము" అన్నారు. ఆ ఇంట్లో దాన్ని సగం ఒప్పుకోవడం కిందే లెక్కవేసేవారు.

ఆ గది గురించి మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఇది చెప్పకపోతే నేను చేసినదానికి కారణం లేనట్టు అవుతుంది. చెబితే సాకు వెతుక్కుంటున్నట్టు అవుతుంది. ఏమైనా కానివ్వండి.

మేం పడుకునే గది వెనకాల, పశువుల శాలకు ఆనుకుని ఉండేది. ఆ ఏడు వానల్లో పాప పుట్టింది. గోడ అడుగంతా చెమ్మ. పడుకోబెట్టిన కాసేపటికే పాప ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. నేను చెవి ఆనించి వినేదాన్ని. వింటూ వింటూ ఆ కూత లేనప్పుడు కూడా వినిపించేంత దాకా వచ్చాను. పొడిగా, గాలి ఆడే గదిలో ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. అలాంటి గది ఇంట్లో ఒకటే ఉంది. మా ఆయనను అడిగితే, "అది శ్రీను కొట్టుకి అనుకుంటున్నారు కదా" అన్నారు. అంతటితో ఊరుకున్నాను. పైకి ఊరుకున్నాను. పగలంతా ఆ గదిలోనే ఉయ్యాల కట్టి, చీకటి పడగానే విప్పి వెనక్కి తీసుకుపోతూ, ఆ కంప్యూటర్ బల్లను ఎలా చూసేదాన్నో నాకు తెలుసు. పొడి గదిలో అది ఉంటుంది, నా పిల్ల ఉండకూడదు.

ఆయుధ పూజ వచ్చింది. మా వైపు ఆ రోజు ఇంట్లో పని చేసే ప్రతి వస్తువుకీ బొట్టు పెడతారు. నాగలికి, మోటారుకి, కత్తిపీటకి, కుట్టు మిషనుకి, బండికి. పాప నిద్రపోతోంది కాబట్టి వీధి గది నాకు అప్పగించారు అత్తయ్య. కంప్యూటర్ డబ్బాకి ముందు వైపు రెండు గుండ్రటి బొత్తాలు ఉండేవి. పెద్దది ఒకటి, దాని కింద చిన్నది ఒకటి. బొట్టు పెట్టడానికే అచ్చు వేసినట్టున్నాయి. పసుపు ముద్దగా కలిపి రెండింటి మీదా నిండుగా అద్ది, మధ్యలో కుంకుమ పెట్టాను. బాగా కుదిరిందని కూడా అనుకున్నాను. అంతవరకూ నేను తప్పు చేశానని ఎవరూ అనలేరు. తెలియక చేసిన పని అది. ఆ పని గురించి కాదు నేను రాస్తున్నది.

మర్నాడు శ్రీను కంప్యూటర్ వేశాడు. ఫ్యాను తిరిగింది, తెర మీద బొమ్మ వచ్చింది, చీకటైపోయింది. మళ్ళీ బొమ్మ. మళ్ళీ చీకటి. ఒక్కోసారి సగం దాకా వెళ్ళి మొదటికొచ్చేది. దగ్గు తెర మధ్యలో ఊపిరి కోసం పిల్ల ఎగబీల్చినట్టు ఉండేది నాకు ఆ చప్పుడు.

శ్రీను చెయ్యని పని లేదు. ర్యామ్ ముక్కలు తీసి రబ్బరుతో రుద్ది పెట్టాడు. లోపలి గుండ్రటి బ్యాటరీ మార్చాడు. స్నేహితుడి దగ్గర కరెంటు సప్లై డబ్బా అడిగి తెచ్చి అది తగిలించి చూశాడు. సిస్టమ్ మళ్ళీ ఎక్కిద్దామంటే సగంలోనే ఆగి మొదటికొచ్చేది. ఈలోగా ఎవరిదో దరఖాస్తుకు ఆఖరి రోజు దాటిపోయింది. వాళ్ళు వీధిలో నిలబడి నాలుగు మాటలన్నారు. ఆ మాటలు మావయ్య చెవిన పడ్డాయి.

"ఊరోల్లవన్నీ బాగు సేత్తానంటన్నావు. ముందు ఇంట్లోది నిలబెట్టు. అప్పుడు బోర్డు కడుదువు గాని" అన్నారు.

అది షరతు. అందరికీ అర్థమైంది. శ్రీనుకి ఇంకా బాగా అర్థమైంది. ఆ తర్వాత అన్నం దగ్గర కూడా అతని కళ్ళు వీధి గది వైపే ఉండేవి.

ఒకరోజు లోపలి బోర్డు మొత్తం బయటకు తీసి, అట్టపెట్టె మీద పరిచి, స్క్రూడ్రైవర్ మొన రెండు చిన్న మేకులకు తాకించి దాన్ని నడిపించాడు. నడిచింది. ఆ మధ్యాహ్నమంతా ఒక్కసారి కూడా ఆగకుండా నడిచింది. అత్తయ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు. సాయంత్రం మళ్ళీ డబ్బాలో బిగించాడు. మొదటికొచ్చింది.

"బయట ఆడతాది, డబ్బాలో ఎడితే ఆడదా? ఏం, దానికీ గాలి కావాలేటి?" అన్నారు మావయ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు ఏమీ తెలియదు కాబట్టి ఆ నవ్వును లెక్కలోకి తీసుకోకూడదేమో. అయినా తీసుకుంటున్నాను.

ఇక ఇదీ నేను రాయాల్సింది.

ఆ మరుసటి పొద్దున మావయ్య, శ్రీను పొలానికి వెళ్ళారు. అత్తయ్య పెరట్లో ఉన్నారు. పాప ఉయ్యాలలో పడుకుంది. నేను బల్ల తుడుస్తున్నాను. బొట్టుకు గుడ్డ తగలకుండా చుట్టూ తుడవడం అలవాటు. పూజలో పెట్టిన బొట్టు దానంతటది రాలిపోవాలిగాని చేత్తో తుడవకూడదన్నది అత్తయ్య నియమం. ఇంటిల్లిపాదీ దాన్ని పాటిస్తారు. అందుకే శ్రీను డబ్బా లోపలంతా విప్పాడు గాని ముందున్న బొట్టును ముట్టుకోలేదు. పెద్ద బొత్తాం మీది బొట్టు రోజూ నొక్కడంతో అరిగిపోయింది. చిన్నదాని జోలికి ఎవరూ వెళ్ళలేదు. దాన్ని మామూలుగా ఎవరూ నొక్కరు. పసుపు ఎండి గట్టి పెంకులా ఉంది దాని మీద.

గుడ్డ జారి నా గోరు ఆ పెంకుకు తగిలింది. ఒక పలుకు రాలింది. ఆ వెంటనే టిక్కుమని చిన్న చప్పుడైంది. లోపలికి దిగి ఉన్న బొత్తాం పైకి లేచింది. అది అన్నాళ్ళూ సగం లోపలే ఉందని పైకి లేచాకే నాకు తెలిసింది. దాని కింద, పసుపు మరక నుంచి బయటపడిన చిన్న అక్షరాలు చదివాను. రీసెట్. నొక్కితే కంప్యూటర్‌ను మొదటికి తెచ్చే బొత్తాం అది; బోర్డు డబ్బా బయట ఆడిన రోజు దానికి తగిలించి లేనిది ఇదే.

కంప్యూటర్ వేశాను. బొమ్మ వచ్చింది. నిలిచింది. తెర తెరుచుకుంది. శ్రీను పెట్టుకున్న పచ్చటి పొలం ఫొటో, దాని మీద వరసగా ఊరివాళ్ళ పేర్లతో ఫైళ్ళు. నేను దాని ముందే కూర్చున్నాను. పాప లేచేదాకా కూర్చున్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగిపోతే బాగుండునని చూస్తూ కూర్చున్నానా? అదీ అడిగాను నన్ను నేను, ఎన్నోసార్లు. జవాబు దొరకలేదనను. దొరికింది.

ఫోను చేతిలోనే ఉంది. శ్రీను పేరు దాకా వెళ్ళాను కూడా. "దొరికింది శ్రీనూ, ఇంటికి రా" అంటే చాలు. పొలం నుంచి పరుగెత్తుకొచ్చేవాడు. నన్ను తిట్టేవాడు కూడా కాదు. బొట్టు పెట్టి కంప్యూటర్‌ను చంపిన వదిన అని ఏడాది పొడుగునా ఏడిపించేవాడు, అంతే.

పాప దగ్గింది. నేను ఉయ్యాల వైపు చూశాను, కిటికీ వైపు చూశాను. కిటికీలోంచి ఎండ సగం గది దాకా వచ్చి ఉంది.

లేచి కంప్యూటర్ ఆపాను. దేవుడి గదిలోకి వెళ్ళి అరచేతిలో పసుపు వేసుకుని నీళ్ళతో కలిపాను. బొట్టు ఏమైందని అత్తయ్య అడుగుతారు కదా, మళ్ళీ పెట్టేయాలి అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. ఆ మాట నాకు నేను ఎంత గట్టిగా చెప్పుకున్నానంటే, చాలాకాలం అదే జరిగిందని నమ్మగలిగాను. కానీ బొట్టు పెట్టడానికి బొత్తాం లోపలికి నొక్కాల్సిన పని లేదు. నేను నొక్కాను. నొక్కి పట్టుకుని, చుట్టూ సందులోకి పసుపు దిగేలా అద్దాను. పైన కుంకుమ పెట్టాను. చేతులు కడుక్కుని పాపకు పాలిచ్చాను.

సాయంత్రం శ్రీను వచ్చాడు. కంప్యూటర్ వేసి చూశాడు, అదే వరస. కాసేపు కూర్చుని, లేచి వీధి గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను ఇవతల కూర్చుని పాప బట్టలు మడతపెడుతున్నాను.

"వదినా, ఒక మాటడగనా? తప్పుగా అనుకోకు."

"అడుగు."

"పూజ నాడు డబ్బా మీద నీల్లేటైనా పడ్డాయా? కొబ్బరి నీల్లు గాని, మరేటైనా గాని?"

"లేదు."

"బాగా గేపకం తెచ్చుకో. పడితే పడ్డాయని సెప్పు, నానేటనుకోను. కారనం తెలిస్తే సాలు నాకు."

"నీళ్ళేమీ పడలేదు. బొట్టు పెట్టాను, అంతే."

"బొట్టుకేటవుతాది" అని నవ్వాడు. "నువ్వు మంచికే కదా పెట్టేవు." ఆ నవ్వు అలాగే ఉండగానే తన చేతుల వంక చూసుకున్నాడు. "అయితే నా పనిలోనే ఉన్నాది లోపం. ఏటో నాకు తెలీకుండా సేసీసినాను."

నేను అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ పాటికి నన్ను నేను క్షమించుకునేదాన్నేమో. ఆగలేదు. ఎవరూ అడగని మాట ఒకటి అన్నాను.

"వదిలీ శ్రీనూ. నీకు రాదేమో ఆ పని."

అతను నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఇంట్లో అందరూ ఏదో ఒకటి అన్నారు గాని, నేను అనలేదు అప్పటివరకు. బహుశా నా మాట కోసమే ఆగాడేమో. "అంతే అంటావా" అన్నాడు. నేను ఒక చొక్కాను రెండోసారి మడతపెట్టాను. "అంతేలే" అని తనే అనుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అతను డబ్బా విప్పలేదు. దీపావళి ముందు గరివిడిలో ఒక ఫ్యాక్టరీలో చేరాడు. కొలిమి దగ్గర షిఫ్టు పని. తెలిసినాయన చెప్పి పెట్టించాడు. స్క్రూడ్రైవర్లు, వైర్లు ఉన్న సంచిని ఎవరికో ఇచ్చేశాడు. కంప్యూటర్ అటక ఎక్కింది. తర్వాత ఒకనాడు పాత సామాన్ల బండి వస్తే, దాన్ని దింపి వాడి చేతికిచ్చింది నేనే. అప్పుడు కూడా ఆ చిన్న బొత్తాం సగం లోపలే ఉంది.

వీధి గది మాకిచ్చారు. ఇక్కడ అబద్ధం చెప్పను. ఆ గదిలో పాప ఊపిరి బాగుపడింది. కూత తగ్గింది. మరుసటి వానాకాలానికి అసలు లేదు. నేను చేసింది వృథా పోలేదు, చూశారా. వృథా పోయుంటే చెప్పడం తేలికయ్యేదేమో. నా పిల్ల హాయిగా నిద్రపోయిన రాత్రుల్లో శ్రీను కొలిమి దగ్గర ఉన్నాడు. ఆ రెండూ పక్కపక్కనే పెట్టి చూడటం నాకు ఇప్పటికీ చేతకాదు. ఒకటి చూస్తే ఇంకొకటి కళ్ళు మూసుకుని దాటిపోతాను. వేరే దారి లేదా? ఉంది. పెరటి వైపు గోడ పగలగొట్టి కిటికీ పెట్టించమని అడగొచ్చు. పుట్టింట్లో ఒక వానాకాలం ఉండి రావచ్చు. నేరుగా శ్రీనునే అడగొచ్చు. "వదినా, ముందే సెప్పొద్దేటి" అని తనే బల్ల మోసుకుపోయేవాడని నాకు తెలుసు. తెలిసీ అడగలేదు. అడిగితే ఇచ్చే మనిషి దగ్గర దొంగిలించాను.

అతను ఇప్పుడు సెలవు రోజుల్లో వస్తాడు. పెళ్ళయింది. బాగానే ఉన్నాడని అందరూ అంటారు. కానీ ఏ వస్తువూ ముట్టుకోడు. మిక్సీ ఆగిపోతే పక్కింటి వాళ్ళను పిలుస్తాడు. నా ఫోను ఆగిపోయిందని ఒకసారి ఇస్తే, చేతులు వెనక్కి పెట్టుకుని, "నాకేటి తెలుస్తాది వదినా, కొట్లో సూపించు" అన్నాడు. ఇంట్లో అదొక పరాచికం అయిపోయింది. బల్బు మాడినా, బండి స్టార్టవకపోయినా, "సీనుగాడు గాని సెయ్యేసినాడేటి" అంటారు. చుట్టాలొస్తే ఆ కంప్యూటర్ కథ చెప్పి నవ్వుకుంటారు. శ్రీను కూడా నవ్వుతాడు. చెప్పేవాళ్ళు ఏదైనా మరిచిపోతే తనే అందిస్తాడు.

మొన్న జరిగింది చెప్పి ముగిస్తాను. అది జరగకపోతే ఇది రాసేదాన్ని కాదు.

శ్రీను వచ్చి వాకిట్లో కూర్చుని మావయ్యతో మాట్లాడుతున్నాడు. లోపల పాప నా ఫోనుతో ఆడుతూ జారవిడిచింది. నేను వంటగది గుమ్మంలోంచి చూశాను. అద్దం పగిలింది. పాప ఒక్క క్షణం దాన్నే చూసి, వాకిట్లోకి పట్టుకెళ్ళి, "సిన్నాన్న ముట్టుకున్నాడు, పగిలిపోయింది" అంది. ఎంత తడుముకోకుండా అందో!

"ఓలమ్మ, ఆడు ముట్టుకున్నాడంటే మరింక సెప్పక్కర్లేదు" అన్నారు అత్తయ్య. అందరూ నవ్వారు.

శ్రీను ఆ ఫోనును తాకనైనా లేదు. పాప మొహం చూశాడు. దాని భయం చూశాడనుకుంటాను. "అవున్నే తల్లీ, నానే. నా సెయ్యి అలాటిది" అన్నాడు. పిల్లను కాపాడటానికే అన్నాడు. కానీ ఆ రెండో మాట అంటున్నప్పుడు గొంతులో పరాచికం లేదు. ఎప్పుడో తేలిపోయిన సంగతిలా చెప్పాడు. అతను నమ్ముతున్నాడు. ఇన్నాళ్ళూ నవ్వుతూనే నమ్ముతూ వచ్చాడు.

నేను చూశాను. చూసి మళ్ళీ ఊరుకున్నాను.

తర్వాత పాపను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, ఎందుకలా చెప్పావని అడిగాను. కొట్టలేదు, కసరలేదు. అది కాసేపు గోళ్ళు చూసుకుంది.

"అలగ సెప్తే ఎవరూ తిట్టరు కదా అమ్మా" అంది.

అబద్ధం ఆడకూడదని చెప్పాలి. ఏ నోటితో చెప్పను? ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నాను. దాని వీపు మీద చెవి ఆనించాను, పాత అలవాటు కొద్దీ. ఊపిరి శుభ్రంగా ఆడుతోంది.

శ్రీనుకు చెబుతానా? తెలియదు. చెబుతానని రాస్తే మీ ముందు మంచిదాన్నవుతాను. అందుకే రాయడం లేదు. చెబితే అతనికి ఆ రోజులు తిరిగి రావు. ఇంట్లో నా స్థానం ఏమవుతుందో, మా ఆయన నన్ను ఎలా చూస్తారో, ఆ భయం ఇంకా ఉంది. అన్నిటికన్నా, "పోన్లే వదినా" అని అతను అనేస్తాడేమోనన్న భయం ఎక్కువగా ఉంది. ఆ మాట పుచ్చుకునే అర్హత నాకు లేదు. అనకపోతే తట్టుకునే శక్తీ లేదు.

ఒకటి మాత్రం చేయగలను. ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎప్పుడు మనసులో తలుచుకున్నా, ముందు పాప ఊపిరి, తర్వాత చెమ్మ గోడ, తర్వాత అత్తయ్య నియమం, అన్నీ వరసగా నిలబెట్టి చివర ఎక్కడో నన్ను నిలబెట్టేదాన్ని. ఈసారి వాటిని తీసేసి రాస్తాను.

ఆ కంప్యూటర్ పాడైంది నా వల్ల. బాగైందని తెలిశాక మళ్ళీ చేతులారా పాడు చేసింది నేను. శ్రీను పనిలో ఏ లోపమూ లేదు.

రాశాను. పక్కన పాప అటు తిరిగి పడుకుంది. ఏదీ మారలేదు. కానీ ఆ మూడు వాక్యాలు ఇప్పుడు నా లోపల మాత్రమే లేవు.